5 మి.మీ. స్పేసర్ చాలన్న చోట 12 ఎందుకు వేశాను: ఒక 1998 బీఎమ్‌డబ్ల్యూ ఎమ్3 కేసు

కారు నా దగ్గరికి వచ్చేటప్పటికే రెండు షాపుల్లో కలిపి మూడుసార్లు బ్యాలెన్సింగ్ అయిపోయింది. గంటకి 60 మైళ్లు దాటగానే స్టీరింగ్ వణుకు మొదలు, 75 దగ్గర తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. ఓనరు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉండే మన తెలుగు కుర్రాడే, సాఫ్ట్‌వేర్. "అన్నా, చక్రాలు మంచివే, స్పేసర్లు కొత్తవే, ఇంక బేరింగులే పోయుంటాయి, మార్చేద్దాం" అంటూ రెండు ముందు బేరింగులు కూడా కొనుక్కుని వచ్చాడు. (స్పేసర్ అంటే హబ్‌కి, అంటే చక్రం బిగించే భాగానికి, చక్రానికి మధ్య పెట్టే గుండ్రటి ప్లేటు.) ఆ పెట్టెలు నేను విప్పనే లేదు, తర్వాత వాపసు ఇచ్చుకున్నాడు.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్న లేత్ పక్కన లారీ హబ్బులు చూస్తూ పెరిగాను, ఇప్పుడు డాలస్ దగ్గర ఒక చిన్న షెడ్డులో సస్పెన్షన్, అలైన్‌మెంట్ పనులే చేస్తాను. స్పేసర్ల కేసులు నెలకి రెండు మూడైనా వస్తాయి. ఈ కేసు రాయడానికి కారణం, ఒకే కారులో స్పేసర్లతో చేయగల తప్పులు దాదాపు అన్నీ ఉన్నాయి, పైగా మొదట నేను కూడా అందులో ఒకటే చూసి మిగతావి వదిలేయబోయాను.

కారు ఈ36 ఎమ్3 (ఈ36 అంటే 1990ల నాటి 3 సిరీస్ తరం), రెండు తలుపులది, అమెరికా మోడల్, 3.2 లీటర్ల ఇంజను, 240 హార్స్‌పవర్. ఫ్యాక్టరీ నుంచి ముందు 17×7.5, వెనక 17×8.5 రిమ్ములు, రెండూ ఈటీ41 (ఈటీ అంటే ఆఫ్‌సెట్, కింద వివరిస్తాను). ముందు 225/45, వెనక 245/40 టైర్లు. సస్పెన్షన్ స్టాక్ (ఫ్యాక్టరీ) ఎత్తులోనే ఉంది, స్ప్రింగులు కొయ్యలేదు, అదొక్కటి అదృష్టం. ఫ్యాక్టరీ రిమ్ముల బదులు కుర్రాడు వేసుకున్నవి ఈ46, అంటే తర్వాతి తరం 3 సిరీస్, మీద నుంచి తీసిన ఒరిజినల్ రిమ్ములు, నాలుగూ 17×8 ఈటీ47, వాటికి 235/40 టైర్లు. ఎంపికలో తప్పేం లేదు. అయిదు బోల్టులు, 120 పీసీడీ (బోల్టు రంధ్రాల వలయం వ్యాసం), మధ్య రంధ్రం 72.6, మూడూ ఈ36కి కూడా అవే. 235/40 సైజు కూడా 1995లో ఇదే కారుకి ఫ్యాక్టరీ ఇచ్చిన సైజే. నాలుగు చక్రాలూ ఒకే వెడల్పు అయితే ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చుకోవచ్చు, టైరు ఎక్కువ కాలం వస్తుంది, ముందు పట్టు కూడా పెరుగుతుంది.

మరి స్పేసర్లెందుకు? ఇక్కడ ఆఫ్‌సెట్ లెక్క ఒక్కసారి చేసి చూపిస్తాను, ఎందుకంటే "ఈటీ41కి ఈటీ47కి 6 మి.మీ. తేడా, కాబట్టి 5 వేస్తే సరిపోయె" అని చాలామంది అక్కడితో ఆపేస్తారు. ఈటీ అంటే జర్మన్‌లో ఐన్‌ప్రెస్‌టీఫె. రిమ్ము వెడల్పుకి సరిగ్గా మధ్యలో ఒక గీత గీశారనుకోండి, హబ్‌కి ఆనుకునే ముఖం ఆ గీతకి ఎన్ని మి.మీ. బయటివైపు ఉందో అది. ఈటీ పెరిగేకొద్దీ చక్రం కారు లోపలికి వెళ్తుంది. స్పేసర్ వేస్తే దాని మందం ఈటీలోంచి తీసేయాలి. ఇంతవరకు అందరికీ తెలుసు. మర్చిపోయేది వెడల్పు.

7.5 అంగుళాల రిమ్ములో సగం 95.25 మి.మీ. దానికి 41 కలిపితే హబ్ ముఖం నుంచి లోపలి అంచుకి 136.25, తీసేస్తే బయటి అంచుకి 54.25. ఇప్పుడు 8 అంగుళాల రిమ్ము: సగం 101.6, లోపలికి 148.6, బయటికి 54.6. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. బయటి అంచు కదిలింది అర మిల్లీ కూడా లేదు, లోపలి అంచు మాత్రం 12 మి.మీ. పైగా లోపలికి పోయింది. బయట నుంచి చూస్తే చక్రం స్టాక్ లాగే కూర్చున్నట్టు కనిపిస్తుంది, పెరిగిందంతా స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే గొట్టం) వైపు పెరిగింది. వెనక సరిగ్గా దీనికి ఉల్టా. అక్కడ స్టాక్ 8.5 ఈటీ41, అంటే లోపలికి 148.95, బయటికి 66.95. కొత్త రిమ్ము లోపలికి అంతే ఉంది కానీ బయటి అంచు 12 మి.మీ. లోతుకి పోయింది, ఫెండర్ కింద దాక్కున్నట్టు. అది చూసి కుర్రాడికి నచ్చలేదు, 20 మి.మీ. స్పేసర్లు తెప్పించాడు. ముందు స్ట్రట్‌కి తగులుతుందని 5 మి.మీ. ప్లేట్లు వేశాడు. ఆన్‌లైన్‌లో వేరువేరు చోట్ల కొన్నవి.

లిఫ్ట్ మీద పెట్టి ముందు కుడి చక్రం విప్పుతుంటే, బోల్టు వదులయ్యాక ఎన్ని చుట్లకి ఊడుతుందో లెక్కపెట్టాను. ఇది నాకు అలవాటు, మా నాన్న నేర్పింది. ఐదున్నర చుట్లు. ఎమ్12×1.5 మర అంటే ఒక చుట్టుకి 1.5 మి.మీ., ఐదున్నరకి 8 మి.మీ. చిల్లర. బోల్టు మందమెంతో కనీసం అంత మర హబ్‌లో పట్టి ఉండాలన్నది పాత లెక్క, అంటే 12 మి.మీ., 8 చుట్లు. ఇతను స్పేసర్ వేసి స్టాక్ బోల్టులతోనే బిగించాడు. స్టాక్ బోల్టు తల దగ్గరుండే ఏటవాలు కోన్ కింద నుంచి 26 మి.మీ. ఉంటుంది, స్పేసర్ లేకపోతే 9 చుట్ల దాకా పడుతుంది, 5 మి.మీ. ప్లేటు అందులో మూడు చుట్లు మింగేసింది. ఆ బోల్టులతో ఇతను హైవే మీద 80లో తిరిగాడు. ఏం మాట్లాడకుండా ఐదు బోల్టులూ తీసి బల్ల మీద వరసగా పెట్టాను. "టెన్షన్ పెట్టకండి అన్నా" అన్నాడు. పెట్టక తప్పదు తమ్ముడూ అన్నాను.

అసలు వణుకు కారణం ఇది కాదు. ప్లేటు తీసి వేర్నియర్ పెడితే మధ్య రంధ్రం 74.1. అది ఈ39, అంటే పాత 5 సిరీస్ సైజు. హబ్ మధ్యలో ముందుకు పొడుచుకొచ్చిన గుండ్రటి కాలర్ ఉంటుంది కదా, దాని మీదే చక్రం మధ్యకి కుదురుకోవాలి, ఈ కారుకి అది 72.6. ప్లేటు అటూఇటూ 1.5 మి.మీ. ఊగుతోంది. సరే, ప్లేటు ఊగినా రిమ్ము రంధ్రం 72.6యే కాబట్టి రిమ్ము కాలర్ మీద కూర్చుంటుందిగా అనుకుని నేను ఒక్క నిమిషం ఆగిపోయాను. కాలర్ ఎత్తు కొలిచాను: 9 మి.మీ. చిల్లర. అందులో 5 ప్లేటు తినేసింది. మిగిలింది 4, రిమ్ము రంధ్రం మొదట్లో సులువుగా ఎక్కడానికి ఏటవాలుగా చెక్కి ఉంటుంది, అది ఒక 2 పైనే. అంటే 17 అంగుళాల చక్రం నిజంగా కూర్చున్నది 2 మి.మీ. కంటే తక్కువ కాలర్ మీద, ఆ కాస్త చోటూ తుప్పు.

ఇంకొకటి, డిస్క్‌ని హబ్‌కి పట్టి ఉంచే చిన్న స్క్రూ ఉంటుంది, అది డిస్క్ ముఖం కంటే లోతుగా ఉండాలి. ఎడమ వైపు దాన్ని ఎవరో మార్చారు, తల వెంట్రుకవాసి పైకి ఉంది. ఆ తల ముద్ర ప్లేటు వెనక స్పష్టంగా పడింది, చిన్న చందమామలా. హబ్ ముఖం దగ్గర 0.1 మి.మీ. ఎత్తు తేడా ఉంటే రిమ్ము అంచుకి వచ్చేసరికి దానికి మూడు రెట్లు ఊగుతుంది, ఎందుకంటే రిమ్ము వ్యాసం హబ్ ముఖానికి దాదాపు మూడు రెట్లు. ఊగుడు కొలిచే డయల్ గేజ్ పెడితే ఎడమ చక్రం 1 మి.మీ. దాకా పక్కకి ఊగింది. అదే చక్రం బ్యాలెన్సింగ్ మిషన్ మీద సున్నా చూపిస్తుంది. చూపించక ఏం చేస్తుంది, మిషన్ తన సొంత కోన్‌తో చక్రాన్ని సరిగ్గా మధ్యకి తెచ్చి తిప్పుతుంది, కారు మీద ప్లేటు ఏం చేస్తోందో దానికి ఎలా తెలుస్తుంది? మూడుసార్లు డబ్బులు ఇందుకే పోయాయి. ఆ షాపులవాళ్లని తప్పుపట్టను, బ్యాలెన్స్ చేయమంటే బ్యాలెన్స్ చేశారు. కాకపోతే చక్రం తీసినవాడు ప్లేటు కాస్త కదిపి చూసుంటే బాగుండేది.

ముందు సంగతి తేలిపోయింది కదా అని వెనకది ఊరికే చూసి వదిలేద్దామనుకున్నాను. కుర్రాడు వెనక గురించి ఫిర్యాదు చేయలేదు కూడా. చక్రం చేత్తో తిప్పితే టిక్ టిక్ మని చిన్న శబ్దం. హ్యాండ్‌బ్రేక్ షూ తగులుతోందేమో అనుకున్నాను. తగులుతున్నది బోల్టే. 20 మి.మీ. స్పేసర్‌కి 26కి 20 కలిపి 46 దగ్గర బోల్టు కావాలి, ఇతను వేసినవి 55. మిగిలిన 9 మి.మీ. హబ్ వెనక నుంచి పొడుచుకొచ్చి, వెనక డిస్క్ లోపల ఉండే హ్యాండ్‌బ్రేక్ సామాను దగ్గరికి పోయాయి. ఈ కారుకి వెనక డిస్క్ మధ్యలో చిన్న డ్రమ్ము ఉంటుంది, దాని లోపల షూలు, స్ప్రింగులు. బోల్టు కొసలు ఒక స్ప్రింగుని గీరి మెరిసేలా చేశాయి. అది తెగి డ్రమ్ములో ఇరుక్కుని ఉంటే నడుస్తున్న కారులో వెనక చక్రం పట్టేసేది.

అదే బోల్టు తల కింద చూస్తే కోన్ బదులు గుండ్రంగా ఉంది. బాల్ సీట్ బోల్టు. మర మాత్రం అదే ఎమ్12×1.5. పాత మెర్సిడెస్ కార్లకి అదే మర, బాల్ సీట్, అందుకే మర ఎక్కింది కదా అని ఎవరికీ అనుమానం రాదు. బీఎమ్‌డబ్ల్యూ రిమ్ములో గుంట 60 డిగ్రీల కోన్. కోన్ గుంటలో గోళీ పెట్టి నొక్కితే ఎలా ఆనుతుందో అలా, సన్నటి గీత మీద ఆనుతుంది, టార్క్ రెంచ్ క్లిక్‌మంటుంది కానీ పట్టు ఉండదు. రిమ్ము గుంటల్లో ఆ గీత ముద్రలు పడ్డాయి, అదృష్టంకొద్దీ లోతుగా లేవు.

ఇంక ఏం వేయాలి అన్నది. నా పద్ధతి ఏంటంటే, స్పేసర్ మందం లెక్కతో మొదలవుతుంది కానీ లెక్కతో అయిపోదు. పాత స్టాక్ చక్రం ఒకటి ఇంట్లో ఉంటే తెమ్మన్నాను, దాన్ని బిగించి టైరుకి స్ట్రట్‌కి మధ్య సందు కొలిచాను: కుడి వైపు 13. కొత్త చక్రం స్పేసర్ లేకుండా పెడితే కుడి వైపు గోరు కూడా దూరలేదు. మొదట్లో రెండు రోజులు స్పేసర్ లేకుండానే నడిపాడట, స్ట్రట్ గొట్టం మీద పెయింట్ అద్దంలా మెరుస్తోంది, టైరు లోపలి భుజం మీద నున్నటి పట్టీ. 5 మి.మీ. ప్లేటుతో సందు 6.

ఇక్కడ ఒక విషయం. ఈ36 ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్, చక్రం, స్ట్రట్ రెండూ ఒకే నకిల్‌కి (హబ్‌ని మోసే, స్టీరింగుతో తిరిగే ముక్కకి) బిగించి ఉంటాయి, స్టీరింగ్ తిప్పినా, గుంతలో పడ్డా రెండూ కలిసే కదులుతాయి. అందుకని లోపలి సందు మారదు, మలుపులో టైరు గోడ కాస్త ఒరగడం తప్ప. నిలబెట్టి కొలిచిన 6 మి.మీ. రోడ్డు మీద కూడా దాదాపు 6. క్యాంబర్ (చక్రం నిలువుగా ఒరిగే కోణం) పైన స్ట్రట్ మౌంటు దగ్గర మార్చినా అంతే, రెండూ కలిసే వంగుతాయి. కింద నకిల్ బోల్టు దగ్గర మారిస్తేనే ఆ సందు మారుతుంది. ఫెండర్ వైపు అలా కాదు, అక్కడ సందు స్టీరింగుతో, సస్పెన్షన్ లేచి దిగడంతో క్షణక్షణం మారుతుంది. కాబట్టి లోపల పిసినారిగా ఉండొచ్చు, బయట దండిగా వదలాలి. చాలామంది సరిగ్గా ఉల్టా చేస్తారు.

అంటే కొలత ప్రకారం ముందు 5 మి.మీ. చాలు. మంచి 5 మి.మీ. ప్లేటు, 72.6 రంధ్రంతో, సరైన బోల్టులతో వేస్తే తిరగదా అంటే తిరుగుతుంది. కానీ కాలర్ సంగతి చెప్పాను కదా, మిగిలే 2 మి.మీ. కాలర్ మీద నాకు నమ్మకం లేదు. 8 వేస్తే ఇంకా తక్కువ. 10 మి.మీ. మామూలు ప్లేటు అయితే కాలర్ మొత్తం స్పేసర్‌లో మునిగిపోతుంది, చక్రానికి కూర్చునే చోటే ఉండదు, బోల్టుల మీదే వేలాడుతుంది. 12 మి.మీ. దగ్గరికి వస్తే స్పేసర్ హబ్ కాలర్‌ని తన లోపల పూర్తిగా ఇముడ్చుకుని, బయటివైపు తన సొంత కాలర్ చూపించగలదు. ఈ హబ్‌కి నేను నమ్మి వేసే వాటిలో అన్నిటికంటే పలచనిది అదే. అందుకే 5 చాలన్న చోట 12 వేశాను. ఈటీ47లోంచి 12 పోతే 35. లోపలి అంచు 136.6, స్టాక్‌కి వెంట్రుకవాసి తేడా. మొదట కొలిచిన సందు మళ్లీ తిరిగొచ్చింది, కుడి వైపు 13.

దానికి కట్టాల్సిన మూల్యం బయటివైపు 12 మి.మీ. స్ప్రింగు తీసేసి, జాక్‌తో నకిల్‌ని బంప్ స్టాపు (సస్పెన్షన్ ఇంక పైకి పోకుండా ఆపే రబ్బరు) దాకా ఎత్తి, స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పి చూశాను. ఇది గంట పని, చేయకుండా తప్పించుకోవాలని ప్రతిసారీ అనిపిస్తుంది. ఫెండర్ అంచుకి తగల్లేదు. కుడి వైపు ఫెండర్ లోపలి ప్లాస్టిక్ లైనర్‌ని పట్టుకునే ఒక స్క్రూ మాత్రం పూర్తి తిప్పులో టైరు భుజానికి తగిలింది, దాని తల పలచనిదానితో మార్చాను. స్టీరింగ్ బరువు, గాడుల్లో లాగడం గురించి అడిగాడు. స్టాక్ ఈటీ41 నుంచి 35కి చక్రం మధ్యగీత 6 మి.మీ. బయటికి వచ్చింది, స్క్రబ్ రేడియస్ (స్టీరింగ్ తిరిగే అక్షం నేలని తాకే చోటికి, టైరు మధ్యగీతకి ఉన్న దూరం) అంత మేరకి మారుతుంది, పాత కారు బుషింగులు గట్టిగా ఉంటే చేతికి పెద్దగా తెలియదు. తెలిసేది 20, 25 వేసినప్పుడు.

వెనక విషయంలో కాసేపు వాదన నడిచింది. "20 తీసేస్తే లుక్ పోతుందన్నా." ఫెండర్ లోపలి అంచు మీద పెయింట్ గీసుకుపోయిన చోట వేలు పెట్టి చూపించాను. వెనక సీట్లో ఇద్దర్ని ఎక్కించుకుని స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడు గరగరమంది నిజమేనన్నాడు. 20తో ఈటీ27, ఫ్యాక్టరీ వెడల్పు కంటే 8 మి.మీ. బయటికి. 12తో ఈటీ35, రిమ్ము బయటి అంచు 66.6, ఫ్యాక్టరీది 66.95. అంటే బీఎమ్‌డబ్ల్యూ వాళ్లే వెనక ఎక్కడ నిలబెట్టారో అక్కడే నిలబడుతుంది. ఆ మాటకి ఒప్పుకున్నాడు. నిజానికి నాకు ఇంకో స్వార్థం ఉంది: నాలుగింటికీ 12 అయితే 20 బోల్టులూ ఒకటే పొడుగు. ముందుకి ఒకటి, వెనక్కి ఒకటి ఉంటే టైర్లు మార్చే షాపులో ఎవడో ఒకడు ఎప్పుడో కలిపేస్తాడు.

బోల్టులు కోన్ సీటువి, 40 మి.మీ. లెక్కకి 38 కావాలి, దొరికేది 40. చేత్తో బిగించి లెక్కపెట్టాను, పది చుట్లు. వెనక హబ్ వెనక నుంచి కొసలు ఎక్కడున్నాయో అద్దం పెట్టి చూశాను, హ్యాండ్‌బ్రేక్ సామానుకి బోలెడు దూరం. స్టడ్ కన్వర్షన్ (బోల్టుల బదులు హబ్‌కే స్టడ్లు బిగించి నట్లు వేయడం) చేద్దామా అని అడిగాడు. ట్రాక్‌కి నెలనెలా వెళ్లేవాళ్లకి అది మంచిదే, చక్రం ఎక్కించడం సులువు, కానీ స్టడ్లకి ఆయుష్షు ఉంటుంది, గుర్తుపెట్టుకుని మార్చాలి. ఏడాదికోసారి చక్రాలు విప్పే మనిషికి ఎందుకు?

బిగింపులో గొప్పేం లేదు, ఓపికే. హబ్ ముఖం, కాలర్, రిమ్ము వెనక, మూడూ వైర్ బ్రష్‌తో మెటల్ కనపడేదాకా. డిస్క్ స్క్రూ కొత్తది, లోతుగా. స్పేసర్ హబ్ మీద పెట్టి నాలుగు వైపులా బొటనవేలితో నొక్కి చూడాలి, ఎక్కడా ఊగకూడదు. కాలర్ మీద పలచగా యాంటీ సీజ్ (తుప్పుకి పట్టేయకుండా రాసే పేస్టు), మరల మీద మాత్రం వద్దు, రాస్తే టార్క్ రెంచ్ చెప్పే అంకెకి అర్థం మారిపోతుంది. చక్రం గాల్లో ఉండగానే నక్షత్రం ఆకారంలో చేత్తో, తర్వాత కింద ఆనించి 100 న్యూటన్ మీటర్లు, మన అమెరికా రెంచ్ మీద 74 ఫుట్ పౌండ్లు. డయల్ గేజ్ మళ్లీ పెట్టాను, ఎడమ చక్రం 0.3. హైవే ఎక్కి 80 దాకా వెళ్లాం, కుర్రాడు రెండు వేళ్లతో స్టీరింగ్ పట్టుకుని నవ్వుతూ కూర్చున్నాడు.

50 మైళ్ల తర్వాత మళ్లీ రమ్మన్నాను. రాడేమో అనుకున్నాను, వచ్చాడు. 20 బోల్టుల్లో రెండు ఒక పిసరు తిరిగాయి, రెండూ వెనక ఎడమ. స్పేసర్, రిమ్ము, హబ్ మధ్య ఒకటి బదులు రెండు అతుకులున్నాయి కాబట్టి కొద్దిగా సర్దుకోవడం మామూలే. జర్మనీలో అయితే స్పేసర్ వేసినందుకు సాధారణంగా టూఫ్ (వాహనాలు తనిఖీ చేసే సంస్థ) వాళ్లకి చూపించి కాగితాల్లో ఎక్కించుకోవాలి. ఇక్కడ ఆ అడ్డు లేదు, అందుకని రెండోసారి టార్క్ నేనే పట్టుబట్టి చేస్తాను, డబ్బులు తీసుకోను.

వెళ్లేటప్పుడు పాత స్టాక్ బోల్టులు స్క్రాపులో వేయమన్నాడు. అయిదు ఏరి తుడిచి గుడ్డ సంచిలో కట్టి, డిక్కీలో స్పేర్ చక్రం గుంటలో పెట్టాను, మీద మార్కర్‌తో "స్పేర్‌కి ఇవే" అని తెలుగులో రాశాను. అర్ధరాత్రి పంక్చరైతే వెనక స్పేసర్ తీసి స్పేర్ వేసి చేతిలో ఉన్న 40 మి.మీ. బోల్టులతో బిగిస్తే, అవి నేరుగా వెళ్లి అదే హ్యాండ్‌బ్రేక్ స్ప్రింగుని పొడుస్తాయి.